జొన్నరొట్టె అయినా లెక్క తప్పదు
షుగర్ ఉందని తేలగానే చాలామంది అన్నం మానేసి జొన్నరొట్టెలకు దిగుతారు. 40 గ్రాముల పిండితో చేసిన ఒక్క రొట్టెలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం (షుగర్‌ని పెంచే కార్బోహైడ్రేట్) ఉంటుంది. వండిన అన్నం 100 గ్రాముల్లోనూ దాదాపు అంతే. మూడు రొట్టెలు లాగిస్తే ఇక లాభమేముంది? అన్నమే తినండి, కానీ తూచి, పూటకు 100-150 గ్రాములు. ముందు కూర, గుడ్డు. ఆ తర్వాత అన్నం. మొదటి ముద్ద నుంచి 2 గంటలకు గ్లూకోమీటర్‌లో చూడండి. సాధారణంగా 180 లోపు ఉండాలి. దాటుతుంటే అన్నం ఇంకో 30 గ్రాములు తగ్గించండి.

సాయంత్రం ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లూ లెక్కలోవే. ఆ చాయ్‌లో చక్కెర చాలాచోట్ల ముందే కలిపేస్తారు.

గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే మాత్రం డాక్టర్‌ని అడక్కుండా అన్నం ఒక్కసారిగా తగ్గించొద్దు, షుగర్ బాగా పడిపోవచ్చు.