పిల్లల్ని టూర్‌కి తీసుకెళ్లే టీచరు: బాధ్యత ఎక్కడిదాకా, ఏం చేయాలి

‘ఏం జరిగినా మాదే బాధ్యత’ అని తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించుకుని నిశ్చింతగా ఉండే బడులు చాలానే ఉన్నాయి. ఆ కాగితం పిల్లాణ్ని పంపడానికి ఒప్పుకున్నారని మాత్రమే చెబుతుంది, టీచరు నిర్లక్ష్యాన్ని మాఫీ చేయదు. 1995లో పంజాబ్ బడి పిల్లలు 14 మంది పిక్నిక్‌కి వెళ్లి బియాస్ నదిలో మునిగిపోయారు. ఒక్కో పిల్లాడికి 5 లక్షల పరిహారం బడి యాజమాన్యమే కట్టాలన్న తీర్పును 2001లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అది యాజమాన్యం సంగతి. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే టీచరు మీద క్రిమినల్ కేసు వేరే: శిక్షా చట్టమైన భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 106(1) కింద ఐదేళ్ల దాకా జైలు.

అసలు పని తలల లెక్క. పది మందికో టీచరు చొప్పున పేర్లు పంచుకుని, ఎవరి జాబితా వాళ్ల జేబులో పెట్టుకోండి. ఫోన్ చార్జింగ్ అయిపోవచ్చు కాబట్టి కాగితం మీదే ఉండాలి. బస్సు బయట వరుసలో లెక్కపెడితే తప్పుతుంది, పిల్లలు అటూ ఇటూ మారుతుంటారు. అందరూ సీట్లలో కూర్చున్నాక, పేరు పిలిచి, మొహం చూసి టిక్ పెట్టండి. ‘వెనకున్నాడు మేడం’ అని పక్కవాడు చెబితే టిక్ పెట్టకండి, లెక్క తప్పేది చాలావరకు అక్కడే. ఆగిన ప్రతిచోటా మళ్లీ పిలిచి, టైమ్ రాయండి. రేపు విచారణలో మీరు చూపించగలిగేది ఆ కాగితమే.

డ్యామ్ కింద నదిలోకి ఎవర్నీ దిగనివ్వకండి, ఫొటోకి కూడా. ఎండ కాస్తున్నా, నీళ్లు మడమల దాకే ఉన్నా సరే, గేట్లు ఎత్తితే నిమిషాల్లో మట్టం పెరుగుతుంది. 2014 జూన్ 8న హిమాచల్‌లోని లార్జి డ్యామ్ దిగువన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది అలాగే కొట్టుకుపోయారు. హిమాచల్ హైకోర్టు పరిహారంలో విద్యుత్ బోర్డుతో పాటు కాలేజీకీ వాటా వేసింది. పడవ ఎక్కితే ప్రతి ఒంటి మీదా లైఫ్ జాకెట్, బకిల్ పెట్టి ఉండాలి. లేకపోతే టికెట్ డబ్బులు పోయినా ఎక్కించకండి.

ఎవరైనా కనిపించకపోతే ఒక టీచరు వెతకాలి, మిగతావాళ్లు తక్కిన పిల్లల్ని కదలనివ్వకూడదు. ఎమర్జెన్సీ నంబర్ 112కి వెంటనే ఫోన్ చేయండి, తర్వాత తల్లిదండ్రులకి. బడి పరువు చూసుకుంటూ గంట ఆలస్యం చేస్తే ఆ గంటే మీ మీద కేసు. తిరిగొచ్చాక గేటు దగ్గర వదిలేయకుండా, తీసుకెళ్లేవాళ్ల సంతకం అదే జాబితా మీద తీసుకోండి.