విదేశీ ప్రయాణ అనుమతికి దరఖాస్తు విధానం: నిబంధనలు మారే కాలంలో ముందు ఏది, తర్వాత ఏది

చాలామంది విదేశీ ప్రయాణాన్ని ఒకే వరుసలో ప్లాన్ చేస్తారు. సెలవు దొరకగానే టికెట్ చవగ్గా ఉందని కొనేస్తారు, హోటల్ బుక్ చేస్తారు, ఆ తర్వాత వీసా సంగతి చూస్తారు. నిబంధనలు ఏళ్ల తరబడి మారనప్పుడు ఆ వరుస నడిచిపోయేది. ఇప్పుడు దాన్ని తిరగేయాలి. ముందు అనుమతి, ఆ తర్వాతే తిరిగిరాని డబ్బు. ప్రయాణం ఆగిపోయి నష్టపోయినవాళ్లలో చాలామందికి అనుమతి రాకపోవడం కన్నా, అది రాకముందే డబ్బు కట్టేయడమే పెద్ద దెబ్బ.

మీకు ఏ అనుమతి కావాలి?

మొదట తేల్చుకోవాల్సింది ఇదే. ఇందులో మూడు రకాలున్నాయి, చాలామంది వీటిని ఒకటే అనుకుంటారు. మొదటిది వీసా: పత్రాలు ఇచ్చి, వేలిముద్రలు వేసి, కొన్ని దేశాలకు ఇంటర్వ్యూకి కూడా వెళ్లి తెచ్చుకునేది. రెండోది, వీసా అక్కర్లేని పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవాల్సిన ఎలక్ట్రానిక్ అనుమతి. అమెరికాలో దీన్ని ఎస్టా అంటారు, బ్రిటన్‌లో ఈటీఏ. వీసా అక్కర్లేదని ధీమాగా బయల్దేరేవాళ్లు తడబడేది ఇక్కడే. ఐర్లాండ్ మినహా, బ్రిటన్‌కు వీసా అక్కర్లేని యూరప్ దేశాల పౌరులు కూడా 2025 ఏప్రిల్ 2 నుంచి అక్కడికి వెళ్లాలంటే ఈటీఏ తీసుకోవాలి. మూడోది రాక కార్డు, అంటే అరైవల్ కార్డు. ఇది అనుమతి కాదు, సమాచారం మాత్రమే. కానీ ఇవ్వకపోతే ఇబ్బందే. థాయిలాండ్ 2025 మే 1 నుంచి దీన్ని ఆన్‌లైన్ చేసింది. దిగే రోజుకు ముందు మూడు రోజుల్లోపు నింపాలి, రుసుము ఏమీ లేదు. ఈ కార్డుకు డబ్బు అడిగే సైట్ ఏదైనా అది ప్రభుత్వానిది కాదు.

మధ్యలో విమానం మారే దేశాన్ని కూడా ఈ లెక్కలో చేర్చుకోండి. అమెరికాలో విమానం మారడానికే దిగినా ఇమ్మిగ్రేషన్ దాటాల్సిందే, కాబట్టి వీసా గానీ ఎస్టా గానీ ఉండాలి. మిగతా చోట్ల కూడా రెండు విడి టికెట్లు కొని, సామాను తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాల్సి వస్తే, సాధారణంగా ఆ దేశంలోకి అడుగుపెట్టినట్టే.

కొత్త ఆంక్ష వచ్చిందంటే ఎలా చదవాలి?

వార్తల్లో హెడ్‌లైన్ చూసి టెన్షన్ పడొద్దు, అలాగని వదిలేయొద్దు. ప్రభుత్వం ఇచ్చిన అసలు ప్రకటన తెరిచి మూడు విషయాలు వెతకండి: ఇది ఎవరికి వర్తిస్తుంది, ఏ తేదీని లెక్కలోకి తీసుకుంటుంది, మినహాయింపులేమిటి.

ఎవరికి అన్నది పాస్‌పోర్టు మీదే ఆధారపడాలని లేదు. 2021 నవంబర్ 29 నుంచి అమెరికా ఒమిక్రాన్ భయంతో ఆఫ్రికా ఖండం దక్షిణ భాగంలోని ఎనిమిది దేశాల మీద ఆంక్ష పెట్టింది. అక్కడ ప్రశ్న మీరు ఏ దేశస్థులన్నది కాదు, గత 14 రోజుల్లో ఆ దేశాల్లో ఉన్నారా లేదా అన్నది. ఆ నెల 8నే విదేశీయులకు తలుపులు తెరిచిన దేశం మూడు వారాలకే ఈ ఆంక్ష పెట్టింది, డిసెంబర్ 31న ఎత్తేసింది. మధ్యలో ప్రయాణం పెట్టుకున్నవాళ్ల సంగతి ఊహించుకోవచ్చు. ఎస్టాలోనూ ఇలాంటి షరతు ఉంది. 2011 మార్చి 1 తర్వాత ఇరాన్, ఇరాక్, సిరియా లాంటి దేశాలకు వెళ్లొచ్చినవాళ్లకు, కొద్దిమంది మినహా, ఎస్టా కుదరదు, వీసాకే దరఖాస్తు చేయాలి. కాబట్టి పాత ప్రయాణాల తేదీలు రాసిపెట్టుకోవడం మంచి అలవాటు.

తేదీ విషయం అన్నిటికన్నా ముఖ్యం. ఏ నిబంధన మారినా నాలుగు తేదీల్లో ఏదో ఒకటి మిమ్మల్ని పట్టుకుంటుంది: దరఖాస్తు ఇచ్చిన రోజు, వీసా జారీ అయిన రోజు, విమానం ఎక్కిన రోజు, అక్కడ దిగిన రోజు. 2017 జనవరి 27న అమెరికా అధ్యక్షుడు ఏడు దేశాల పౌరుల ప్రవేశాన్ని ఆపుతూ సంతకం చేసిన ఉత్తర్వు అప్పటికప్పుడే అమల్లోకి వచ్చింది. వీసాతో బయల్దేరి గాల్లో ఉన్నవాళ్లను దిగాక ఎయిర్‌పోర్టుల్లో ఆపేశారు. 2025 జూన్ 4న కొన్ని దేశాల పౌరుల మీద అమెరికా ఇచ్చిన ఆంక్ష ప్రకటన వేరేలా ఉంది. అది అమలైంది జూన్ 9 నుంచి, ఆ రోజుకు చెల్లుబాటు వీసా చేతిలో ఉన్నవాళ్లకు వర్తించలేదు. అంటే ఒకే దేశానికి చెందిన ఇద్దరిలో, జూన్ మొదటి వారంలో వీసా వచ్చిన మనిషి వెళ్లగలిగే స్థితిలో ఉంటే, దరఖాస్తు పెండింగ్‌లో ఉన్న మనిషి ఆగిపోయాడు. మళ్లీ డిసెంబర్‌లో ఇంకో ప్రకటన వచ్చి, 2026 జనవరి 1 నుంచి దేశాల జాబితాను పెంచింది. అందుకే 'బ్యాన్ వచ్చిందట' అన్న మాట విని వీసా ఉన్నవాళ్లు టికెట్ రద్దు చేసుకోవద్దు, దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నవాళ్లు ధీమాగా కొనొద్దు. ఇద్దరూ ప్రకటనలో ఆ తేదీ ఉన్న వాక్యం చదివాకే నిర్ణయించుకోవాలి.

దరఖాస్తు: షెంగెన్ వీసాను తీసుకుని చూద్దాం

పద్ధతి బాగా అర్థమవ్వాలంటే ఒక వీసాను మొదటి నుంచి చివరిదాకా చూడటం మేలు. షెంగెన్ అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి, ఇందులో ఇప్పుడు 29 దేశాలున్నాయి. మీరు వెళ్లేవాటిలో ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు ఇవ్వాలి. రోజులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. స్లాట్ త్వరగా దొరుకుతోందని వేరే దేశం ద్వారా వేయడం తిరస్కరణను కొనితెచ్చుకోవడమే.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, ఆలస్యమంటే 15 రోజుల ముందు. నా సలహా అయితే మూడు నెలల ముందే మొదలుపెట్టాలి. మామూలుగా నిర్ణయం 15 రోజుల్లో వస్తుంది, పరిశీలన అవసరమనుకుంటే 45 రోజుల దాకా పట్టొచ్చు. అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూసే రోజులు ఇందులో కలవవు. వేసవి సెలవుల ముందు అవే అన్నిటికన్నా ఎక్కువ.

పాస్‌పోర్టు గత పదేళ్లలో జారీ అయినదై ఉండాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. చాలా ఇతర దేశాలు ఆరు నెలలు అడుగుతాయి కాబట్టి గడువు దగ్గర పడుతుంటే ముందే కొత్తది చేయించుకోండి. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు, షెంగెన్ దేశాలన్నిటిలో, ఉండే రోజులన్నిటికీ వర్తించాలి. వేలిముద్రలు ఒకసారి ఇస్తే 59 నెలల వరకు మళ్లీ వాడుకోవచ్చు. 12 ఏళ్ల లోపు పిల్లలకు అవి అక్కర్లేదు.

రుసుము 2024 జూన్ 11 నుంచి 80 యూరోల బదులు 90. ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45. వీసా రాకపోయినా ఇది తిరిగిరాదు. రుసుములు ఎప్పుడు పెరుగుతాయో కూడా గమనిస్తూ ఉండాలి. ఎస్టా 2025 సెప్టెంబర్ 30న 21 డాలర్ల నుంచి 40కి, బ్రిటన్ ఈటీఏ అదే ఏడాది ఏప్రిల్‌లో 10 పౌండ్ల నుంచి 16కి పెరిగాయి. కుటుంబమంతా వెళ్తుంటే ఈ తేడా చిన్నదేమీ కాదు.

ఫారం నింపేటప్పుడు

పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే రాయాలి. ఇంటిపేరు, సొంత పేరు గడులు తారుమారు కావొద్దు. పాస్‌పోర్టు నంబరులో సున్నాకూ 'ఓ' అక్షరానికీ తేడా చూసుకోండి. ఎలక్ట్రానిక్ అనుమతి ఆ నంబరుకే ముడిపడి ఉంటుంది. నంబరు తప్పైతే అనుమతి వచ్చినా మీ చేతిలో ఉన్న పాస్‌పోర్టుకు అది లేనట్టే. కొత్త పాస్‌పోర్టు తీసుకుంటే అనుమతి కూడా మళ్లీ కొత్తగా తీసుకోవాలి.

గతంలో వీసా తిరస్కరించారా అనే ప్రశ్నకు నిజమే రాయండి. తిరస్కరణ ఒక్కటే తలుపులు మూసేయదు, దాచడం మూసేస్తుంది. అమెరికా చట్టంలో తప్పుడు సమాచారం ఇచ్చి అనుమతి పొందాలని చూసినవాళ్లకు శాశ్వత అనర్హత ఉంది. ఏజెంటు నింపినా సంతకం మీదే, బాధ్యతా మీదే. సమర్పించే ముందు ఫారం మొత్తం మీ కళ్లతో చదవండి, ఒక కాపీ దగ్గర పెట్టుకోండి.

హోటల్, టికెట్ వివరాలు అడుగుతారు కాబట్టి ముందే కొనాలి కదా అని చాలామంది అనుకుంటారు. ఉచితంగా రద్దు చేసుకోగలిగే హోటల్ బుకింగ్, డబ్బు పూర్తిగా కట్టని టికెట్ రిజర్వేషన్ చాలా చోట్ల సరిపోతాయి. అయితే అవి నిజమైనవే అయి ఉండాలి. నకిలీ బుకింగ్ కాగితాలు అమ్మేవాళ్ల జోలికి వెళ్లొద్దు.

వీసా చేతికొచ్చాక

స్టిక్కర్‌ను అక్కడే నిలబడి చదవండి. మూడు గడులు ముఖ్యం: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్ని రోజులు, ఎన్నిసార్లు. తేదీల మధ్య 30 రోజులుండి, రోజుల గడిలో 15 అని ఉంటే మీకున్నది 15 రోజులే. ఎన్నిసార్లు అనే గడిలో ఒకటి ఉంటే, పారిస్ నుంచి లండన్ వెళ్లి తిరిగి పారిస్ రావడం కుదరదు, ఎందుకంటే లండన్ షెంగెన్‌లో లేదు.

పలుసార్లు వెళ్లే వీసా ఉన్నవాళ్లు ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు దాటకూడదు. ఉండే ప్రతి రోజు నుంచీ వెనక్కి 180 రోజులు లెక్కపెట్టాలి. జనవరి 1 నుంచి 31 వరకు, మళ్లీ మార్చి 1 నుంచి 30 వరకు ఉన్నారనుకోండి. 61 రోజులైపోయాయి. మే 1న దిగితే 29 రోజులే మిగిలుంటాయి, మే 29కల్లా బయటికి వచ్చేయాలి. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. దేశాల జాబితా మారితే ఈ లెక్కా మారుతుంది. 2022 చివరి దాకా క్రొయేషియాలో గడిపిన రోజులది వేరే లెక్క, 2023 జనవరి 1 నుంచి అవీ ఈ 90లోకే వస్తాయి. 2025 అక్టోబర్ 12 నుంచి యూరప్ సరిహద్దుల్లో పాస్‌పోర్టు స్టాంపుల స్థానంలో వేలిముద్రలు, ముఖచిత్రంతో కంప్యూటర్ నమోదును దశలవారీగా తెచ్చారు. పాత స్టాంపు సరిగా కనపడక తప్పిపోయిన ఒకట్రెండు రోజులు కూడా ఇక దొరికిపోతాయి.

చెక్-ఇన్ కౌంటర్ దగ్గర

మిమ్మల్ని ముందుగా ఆపేది అవతలి దేశం అధికారి కాదు, చెక్-ఇన్ కౌంటర్‌లోని ఎయిర్‌లైన్ ఉద్యోగి. సరైన పత్రాలు లేని ప్రయాణికుడిని తీసుకెళ్తే ఎయిర్‌లైన్‌కు జరిమానా పడుతుంది, వెనక్కి తీసుకురావాల్సిందీ ఆ సంస్థే. అందుకే వాళ్లు టైమాటిక్ అనే డేటాబేస్‌లో మీ పాస్‌పోర్టు, గమ్యం, మారే చోటు కొట్టి చూస్తారు. మీకు మినహాయింపు ఉండి, అది స్క్రీన్ మీద వెంటనే కనిపించకపోతే, ఆ ప్రకటన ప్రింటు, అనుమతి ప్రింటు చేతిలో ఉండాలి. ఫోన్‌లో ఉందిలే అనుకోవద్దు. బయల్దేరే ముందు వారంలో ఒకసారి, ముందు రోజు మరోసారి ఆ దేశ ప్రభుత్వ సైట్ చూడండి. మీ దేశ విదేశాంగ శాఖ హెచ్చరికలు కూడా చూడండి, ఎందుకంటే వెళ్లొద్దన్న చోటికి వెళ్తే చాలా బీమా పాలసీలు వర్తించవు. ఆంక్ష ప్రకటించాక కొన్న పాలసీ కూడా సాధారణంగా ఆ ఆంక్ష వల్ల వచ్చే నష్టాన్ని భరించదు.

తిరస్కరిస్తే, లేదా అక్కడే ఆగిపోతే

షెంగెన్ తిరస్కరణ లేఖలో కారణం దగ్గర టిక్ పెట్టి ఇస్తారు, అప్పీలు ఎక్కడ, ఎన్ని రోజుల్లో చేయాలో కూడా ఉంటుంది. పత్రం లోటే కారణమైతే దాన్ని సరిచేసి కొత్తగా దరఖాస్తు ఇవ్వడమే చాలాసార్లు త్వరగా తేలుతుంది. అధికారి పొరబడ్డారనిపిస్తే అప్పీలుకు వెళ్లండి. ఎస్టా రాకపోతే మామూలు వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు.

వెళ్లాక విమానాలు ఆగిపోయి వీసా గడువు దగ్గరపడితే, గడువు ముగియకముందే అక్కడి ఇమ్మిగ్రేషన్ కార్యాలయంలో పొడిగింపు అడగాలి. షెంగెన్‌లో మీ చేతిలో లేని కారణాలకు ఈ పొడిగింపు ఉచితం, తీవ్రమైన సొంత కారణాలకైతే 30 యూరోలు. విమానం రద్దైనట్టు ఎయిర్‌లైన్ పంపిన సందేశాన్ని ప్రింటు తీసి దరఖాస్తుకు జతచేయండి, దరఖాస్తు అందినట్టు రసీదు తీసుకుని, తిరిగి వచ్చేటప్పుడు ఇమ్మిగ్రేషన్‌లో చూపించడానికి పాస్‌పోర్టుతోపాటే ఉంచుకోండి.