బూస్ట్‌లో బండి తడబడుతోందా? మళ్ళీ తొక్కే ముందు ఇవి చూసుకోండి

టర్బో బండికి రెండు మూడు పార్టులు మార్చి, మ్యాప్ (ఇంజన్ కంప్యూటర్‌లో పెట్రోల్, స్పార్క్ లెక్కలు) వేయించి, కొన్నాళ్ళు హాయిగా తిరిగాక ఉన్నట్టుండి ఒకరోజు బూస్ట్ (టర్బో ఇంజన్‌లోకి తోసే గాలి ఒత్తిడి) ఎక్కుతుండగా ఎవరో వెనక నుంచి పట్టుకుని గుంజినట్టు తడబడితే, మనందరం చేసే మొదటి పని ఇంకోసారి తొక్కి చూడటం. నిజమేనా అని ఒకసారి, ఫ్రెండ్‌ని ఎక్కించుకుని వాడికి చూపించడానికి ఇంకోసారి. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. ఆ గుంజుడు వెనక స్పార్క్ ఆరిపోవడం ఉండొచ్చు, పెట్రోల్ చాలకపోవడమూ ఉండొచ్చు. మొదటిదైతే ప్లగ్గులతో పోతుంది, రెండోదైతే పిస్టన్‌తో పోతుంది, సీట్లో కూర్చున్నవాడికి రెండూ ఒకేలా తెలుస్తాయి.

కాబట్టి కారణం దొరికేదాకా బూస్ట్ ఎక్కనివ్వకుండా మెల్లగా నడపండి, వీలుంటే బూస్ట్‌ని వేస్ట్‌గేట్ (బూస్ట్ హద్దు దాటకుండా ఎగ్జాస్ట్‌ని పక్కకి వదిలే వాల్వ్) స్ప్రింగ్ లెవెల్‌కి దింపేయండి. పికప్ తగ్గింది కదా అని ఇంకో రెండు పీఎస్ఐ పెంచి చూసే మహానుభావులు కూడా ఉంటారు, వాళ్ళకి నేను చెప్పగలిగేది ఏమీ లేదు. చెక్ ఇంజన్ లైటు మినుకుమినుకుమంటే మాత్రం వెంటనే కాలు తీసేయండి, అంటే సిలిండర్‌లో కాలని పెట్రోల్ పోయి క్యాటలిటిక్ కన్వర్టర్‌లో కాలుతోందని, అది ఎర్రగా కాగి లోపల కరిగిపోవడానికి ఎక్కువ సేపు పట్టదు.

ఒకవేళ తడబాటు కాకుండా గోడకి గుద్దినట్టు టక్కున పవర్ మొత్తం పోయి మళ్ళీ వస్తుంటే అది వేరే కథ, ఎక్కువ శాతం ఓవర్‌బూస్ట్ అయ్యి ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) కట్ చేస్తున్నట్టు. ముందు వేస్ట్‌గేట్‌కి వెళ్ళే సన్న గొట్టం ఊడిందేమో చూడండి.

లాగ్ (ఇంజన్ సెన్సార్ల రీడింగుల రికార్డు) తీయాలంటే ఒక్క రన్ చాలు. డైనో (బండిని రోలర్ల మీద నిలిపి పరిగెత్తించే మెషిన్) దొరికితే డైనో మీదే, లేదంటే ట్రాక్ మీద, అంతేగానీ జనం తిరిగే రోడ్డు మీద వద్దు, డ్రైవ్ చేసేవాడు లాప్‌టాప్ చూడకూడదు, చూసేవాడు వేరే ఉండాలి. ఆర్‌పీఎం, అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్, ఏఎఫ్ఆర్ (గాలి, పెట్రోల్ నిష్పత్తి), స్పార్క్ టైమింగ్, నాక్ (పెట్రోల్ అదుపు తప్పి పేలడం) వల్ల ఈసీయూ దాన్ని ఎంత వెనక్కి లాగింది, ఫ్యూయల్ ప్రెషర్, ఇవన్నీ ఒకే లాగ్‌లో ఉండాలి. పెట్రోల్ టర్బో బండ్లు చాలావరకు ఫుల్ బూస్ట్‌లో ఏఎఫ్ఆర్ 11.5, 12 ఆ చుట్టుపక్కల ఉంటాయి, బూస్ట్ పెరిగేకొద్దీ అది 13 వైపు పాకుతుంటే అక్కడితో రన్ ఆపేయాలి, చివరిదాకా చూద్దాం అనుకోవద్దు.

ఇక్కడే చాలామంది బోల్తా పడే సంగతి ఒకటుంది. వైడ్‌బ్యాండ్ (ఎగ్జాస్ట్‌లో పెట్టి ఏఎఫ్ఆర్ చూపించే సెన్సార్) చూసేది ఆక్సిజన్‌ని, పెట్రోల్‌ని కాదు. స్పార్క్ ఆరిపోతే కాలని గాలి అలాగే సెన్సార్ దగ్గరికి వెళ్తుంది, గేజ్ మీద లీన్ (పెట్రోల్ తక్కువ) అని చూపిస్తుంది, మనమేమో మ్యాప్‌లో ఇంకొంచెం పెట్రోల్ పెంచుతాం, స్పార్క్ ఇంకా కష్టపడుతుంది. అందుకే ఫ్యూయల్ ప్రెషర్ చూడకుండా లీన్ అని తేల్చేయొద్దు. మ్యానిఫోల్డ్ రిఫరెన్స్ ఉన్న (ఇంజన్‌లోకెళ్ళే గాలి ఒత్తిడిని బట్టి సర్దుకునే) ఫ్యూయల్ రెగ్యులేటర్ అయితే బూస్ట్ ఎంత పెరిగితే ప్రెషర్ కూడా అంత పెరగాలి, బేస్ 3 బార్ అయితే 1 బార్ బూస్ట్‌లో 4 ఉండాలి. అది పెరగకుండా పడిపోతుంటే పంపో ఫిల్టరో చూసుకోవాలి. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి కొట్టే) బండ్లలో హై ప్రెషర్ లైన్ జోలికి మాత్రం సొంతంగా వెళ్ళొద్దు, 100 బార్ పైన ఉండే పెట్రోల్ చర్మంలోంచి దూరిపోతుంది.

ప్లగ్గులు విప్పేది ఇంజన్ పూర్తిగా చల్లారాకే. హెడ్ అల్యూమినియం, వేడి మీద తిప్పితే మరలు ప్లగ్‌తో పాటే వచ్చేస్తాయి. విప్పే ముందు ఆ గుంటలో గాలి కొట్టి దుమ్ము ఎగరగొట్టండి, లేకపోతే ఇసుక నేరుగా సిలిండర్‌లో పడుతుంది. సిలిండర్‌లో ప్రెషర్ పెరిగేకొద్దీ స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి, స్టాక్ బూస్ట్‌కి 0.8 ఎంఎం గ్యాప్ సరిపోయిన బండి బూస్ట్ పెంచాక 0.6 దగ్గర బాగుపడటం మామూలే. సెట్ చేసేటప్పుడు బయటి కొక్కేన్నే వంచండి, మధ్యలో ఉన్న సన్న మొన మీద ఒత్తిడి పడితే విరుగుతుంది. కాయిల్ (ప్లగ్‌కి వోల్టేజ్ ఇచ్చేది) మీద అనుమానముంటే కొత్తది కొనే ముందు రెండో సిలిండర్‌ది మూడోదానికి మార్చండి, పి0302 (రెండో సిలిండర్ మిస్‌ఫైర్) కోడ్ పి0303 (మూడోది) అయ్యిందంటే దొంగ దొరికినట్టే.

ఇక బూస్ట్ గాలి లీకులు. నా బండిలో ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచేది) కింది రబ్బర్ పైపు చేత్తో నొక్కి చూస్తే శుభ్రంగా ఉంది, సబ్బు నీళ్ళు కొట్టి 5 పీఎస్ఐ గాలి పెట్టినా చుక్క బుడగ రాలేదు, 12కి వచ్చేసరికి క్లాంప్ అంచు కోసిన చోట చేప నోరు తెరిచినట్టు తెరుచుకుని నురగ కక్కింది. కాబట్టి టెస్ట్ మీరు నడిపే బూస్ట్ దాకా వెళ్ళాలి, కానీ అంతకు మించకూడదు, రెగ్యులేటర్‌తో మెల్లగా పెంచాలి, టెస్ట్ కోసం టర్బో నోటికి బిగించిన మూతకి ఎదురుగా మొహం పెట్టకూడదు, ఊడిందంటే పళ్ళు రాలతాయి. మాఫ్ సెన్సార్ (లోపలికొచ్చే గాలిని కొలిచేది) బండి అయితే ఈ లీక్ వల్ల రిచ్ (పెట్రోల్ ఎక్కువ) అయ్యి నల్ల పొగ వస్తుంది, మ్యాప్ సెన్సార్ (మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడిని కొలిచేది) బండిలో ఏఎఫ్ఆర్ బాగానే కనిపిస్తుంది గానీ టర్బో అనవసరంగా ఎక్కువ తిరుగుతుంటుంది.

ఒకసారికి ఒక్కటే మార్చండి, ప్లగ్గులు, కాయిల్స్, పైపులు అన్నీ ఒకే రోజు మార్చేస్తే ఏది తప్పో ఎప్పటికీ తెలీదు. పైపు మళ్ళీ ఎక్కించేటప్పుడు లోపలి ఆయిల్ జిడ్డు తుడిచేయండి, జిడ్డు మీద క్లాంప్ ఎంత బిగించినా జారుతుంది. ఆయిల్ వేడెక్కాక తక్కువ బూస్ట్‌లో ఒక రన్ చేసి, చల్లారాక క్లాంపులు ఇంకోసారి బిగించి, ఆ తర్వాతే పూర్తి బూస్ట్ పెట్టండి.