శాన్‌ఫ్రాన్సిస్కోలో పాత విక్టోరియన్ ఇంటి పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం ఎలా

శాన్‌ఫ్రాన్సిస్కోలో పాత చెక్క ఇల్లు కనపడితే చాలు విక్టోరియన్ (విక్టోరియా రాణి కాలం నాటిది) అనేస్తారు, ఎప్పుడు కట్టారండీ అంటే మాత్రం ఇంటి పన్ను కోసం విలువ కట్టే సిటీ అసెసర్ రికార్డు చూసి 1900 అంటారు. ఆ 1900ని మాత్రం నమ్మకండి. 1906 ఏప్రిల్ 18 భూకంపం తర్వాత లేచిన మంటల్లో సిటీ రికార్డులు చాలావరకు బూడిదయ్యాయి, కట్టిన ఏడాది తెలీని ఇళ్ళు చాలావాటికి 1900 అని పడిపోయింది అంతే. పాత బిల్డింగ్ పర్మిట్లు కూడా ఆ మంటల్లోనే పోయాయి.

అందుకే కుళాయి దగ్గర మొదలెట్టండి, జోక్ కాదు. అప్పట్లో ఊరికి నీళ్ళిచ్చింది స్ప్రింగ్ వ్యాలీ అనే ప్రైవేటు కంపెనీ, కొత్త కనెక్షన్ కోసం పెట్టుకున్న దరఖాస్తుల రికార్డులు మంటలకి దొరక్కుండా మిగిలాయి, వాటిలో పేరు, తేదీ రెండూ దొరుకుతాయి. ఇల్లు కట్టకుండా ఎవడూ నీళ్ళు అడగడు కదా, కాబట్టి ఆ తేదీకి అటూ ఇటూగా ఇల్లు లేచినట్టే. నన్నడిగితే మిగతా కాగితాలన్నీ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు.

పేరు దొరికాక సిటీ డైరెక్టరీలు తీయండి, అంటే ఊళ్ళో ఎవరు ఏం పని చేస్తారో, ఎక్కడుంటారో రాసిన పుస్తకాలు. అవి మనిషి పేరు వరసలో ఉంటాయి, అడ్రసు పట్టుకుని వెతికితే ఏమీ దొరకదు, అందుకే పేరు ముందు కావాలి. ఏడాదికో పుస్తకం చొప్పున తిరగేస్తూ పోతే ఆయన ఏం పని చేశాడో, ఎప్పుడు ఆ ఇంట్లోకి వచ్చాడో, ఎప్పటినుంచి కనపడకుండా పోయాడో తెలుస్తుంది. మెయిన్ లైబ్రరీ ఆరో అంతస్తులో హిస్టరీ సెంటర్ ఉంది, ఓపిగ్గా హెల్ప్ చేస్తారు. జనాభా లెక్కలు 1950 దాకా చూడొచ్చు, 1890వి మాత్రం దాదాపు అన్నీ పోయాయి, అదింకో అగ్నిప్రమాదం.

తర్వాత శాన్‌బార్న్ మ్యాపులు. ఇన్సూరెన్స్ వాళ్ళ కోసం గీసినవి, చెక్క ఇల్లు పసుపు రంగు, ఇటుకది గులాబీ. వేరే వేరే ఏళ్ళ మ్యాపులు రెండు పక్కపక్కన పెట్టుకుంటే వెనక గది ఎప్పుడు కలిపారో ఇట్టే దొరికిపోతుంది.

తవ్వితే చివరికి ఏం తేలుతుందో చూడాలంటే ఫ్రాంక్లిన్ స్ట్రీట్‌లో 2007 నంబరు, హాస్-లిలియెంథాల్ ఇంటికి వెళ్ళండి. బవేరియా నుంచి వచ్చిన విలియం హాస్ అనే హోల్‌సేల్ కిరాణా వ్యాపారి 1886లో కట్టించుకున్నాడు, క్వీన్ ఆన్ స్టైలు, మూల మీద గుండ్రటి టవరు. 1906లో మంటల్ని పక్క వీధి వ్యాన్ నెస్ దగ్గర ఆపాలని అక్కడి ఇళ్ళని డైనమైట్ పెట్టి పేల్చేశారు, అయినా కొన్నిచోట్ల మంట దాటి ఫ్రాంక్లిన్ దాకా వచ్చింది, ఈ ఇంటి జోలికి మాత్రం రాలేదు. హాస్ కూతురు ఆలిస్ 1972లో పోయేదాకా అదే ఇంట్లో ఉంది, తర్వాత కుటుంబం వాళ్ళు శాన్‌ఫ్రాన్సిస్కో హెరిటేజ్ సంస్థకి ఇచ్చేశారు. దాదాపు 86 ఏళ్ళు ఒకే కుటుంబం, సామాను కూడా చాలావరకు వాళ్ళదే. మీరు తవ్వే ఇల్లు ఇంత సాఫీగా ఉంటదని మాత్రం ఆశ పెట్టుకోకండి, మామూలు ఇంట్లో పదేళ్ళకోసారి మనుషులు మారిపోతుంటారు.

ఇక ఇంటి ముఖం చూసి లెక్కెయ్యడం. గోడలోంచి ముందుకి పొడుచుకొచ్చే కిటికీలు, అంటే బే విండోలు, ఏటవాలు పక్కలతో ఉంటే 1870ల ఇటాలియనేట్ స్టైలు అయ్యుండొచ్చు, చదరంగా ఉంటే 1880ల స్టిక్ స్టైలు, టవరూ చేప పొలుసుల్లాంటి చెక్క పెంకులూ ఉంటే క్వీన్ ఆన్. రంగులు చూసి మాత్రం ఏమీ తేల్చకండి, ఆ రంగురంగుల ముచ్చట 1960ల్లో మొదలైంది. నున్నటి గార గోడ ఉందని కొత్త ఇల్లనుకోవద్దు, మధ్యలో ఎవరో చెక్క నగిషీ పీకేసి గార పూసి ఉండొచ్చు.

ఇంకోటి, 1970ల్లో వెస్టర్న్ అడిషన్ అనే పేటలో కూల్చేయబోతున్న కొన్ని ఇళ్ళని ఉన్నపళంగా లేపి ట్రక్కుల మీద వేరే వీధులకి తరలించారు. కాబట్టి కుళాయి తేదీకీ ఇంటి స్టైలుకీ అస్సలు పొంతన కుదరట్లేదంటే ఒకసారి కింద పునాది చూడండి, మీరు ఇన్నాళ్ళూ తవ్వింది ఆ స్థలంలో అంతకుముందున్న ఇంటి చరిత్రేమో.