చైనా పండగ వంట: నానబోసిన గిన్నెతో జాగ్రత్త

2020 అక్టోబర్ 5న, చైనాలో సెలవుల వారంలో, హెయిలాంగ్‌జియాంగ్ ప్రావిన్సులోని జీషీలో ఒక కుటుంబమంతా కలిసి టిఫిన్ చేసింది. పులిసిన మొక్కజొన్న పిండితో చేసే సువాన్‌టాంగ్‌జీ అనే లావుపాటి నూడుల్స్. ఏడాదిగా ఫ్రీజర్‌లో ఉన్నదే తీసి వండారు. తిన్న తొమ్మిది మందీ చనిపోయారు. రుచి నచ్చక ముట్టని చిన్నవాళ్లు ముగ్గురు బతికారు.

చంపింది బాంగ్‌క్రెకిక్ యాసిడ్. తడి పిండిలో, నానిన పుట్టగొడుగుల్లో ఒక రకం బ్యాక్టీరియా తయారుచేసే విషం ఇది. రంగు, రుచి, వాసన ఉండవు. మరిగించినా పోదు, గడ్డకట్టించినా పోదు. విరుగుడు మందు లేదు.

అక్కడ మెడిసిన్ చదివే మన పిల్లలకీ, చైనా కుటుంబాలతో వియ్యమందినవాళ్లకీ వసంత పండగ (చైనా కొత్త సంవత్సరం) ముందు గట్టిగా చెప్పేది ఒక్కటే: నానబోసి మర్చిపోవద్దు.

నానబెట్టేవి: డంప్లింగ్స్‌లో, అంటే జ్యావ్‌జీలో వేసే ఎండు ము-ఎర్ (నల్ల పుట్టగొడుగు) రెండు మూడు గంటల్లో నానిపోతుంది. వండే రోజే, కావలసినంతే నానబెట్టండి. పండగ పని ముందే తెమిలిపోతుందని రెండు రోజుల ముందే నీళ్లలో పడేస్తారు, కొంప ముంచేది అదే. బయట మంచు పడుతున్నా హీటింగ్ ఉన్న వంటిల్లు వెచ్చగానే ఉంటుంది. జోంగ్‌జీకి (ఆకులో చుట్టి ఉడికించే అన్నం ముద్ద) జిగురు బియ్యం రాత్రంతా నానాలంటే ఫ్రిజ్‌లోనే పెట్టండి. దోశపిండీ పులుస్తుందిగా అని ధీమా వద్దు.

ఉడికేవి: జ్యావ్‌జీ మరుగుతుంటే మూడుసార్లు చన్నీళ్లు పోయడం ఉత్తర చైనా అలవాటు. పైపొర చిట్లకుండా లోపలి పంది మాంసం పూర్తిగా ఉడుకుతుంది. ఉప్పు సరిపోయిందో లేదో చూడాలంటే కొంచెం ముద్ద ఉడికించి చూడండి, పచ్చిది నాలుకకి తాకించొద్దు.

టాంగ్‌యువాన్‌ని (లోపల తీపి ముద్ద పెట్టిన జిగురు బియ్యప్పిండి ఉండలు) నూనెలో వేయించొద్దు, పేలి మొహం మీద పడతాయి. ముసలివాళ్లకి, పసిపిల్లలకి చిన్న ముక్కలు చేసి, పక్కనే కూర్చుని తినిపించండి. జిగురు పిండి గొంతుకి అడ్డం పడితే ఊపిరాడదు. లోపలి నువ్వుల ముద్ద చాలాసేపు సలసలా కాగుతూనే ఉంటుంది, ఆరనివ్వండి. అదృష్టానికని జ్యావ్‌జీలో నాణెం దాచొద్దు, వేరుశనగ గింజ పెట్టండి. మిగిలిన తడి పిండి పారేయండి. ము-ఎర్ జిగటగా మారితే పారేయండి. బాగానే ఉన్నా, రాత్రంతా బయట నానితే పారేయండి. అత్తగారు వద్దన్నా పారేయండి.

తిన్న కొన్ని గంటల్లో వాంతులు, కడుపునొప్పి, కళ్లు తిరగడం, మగత వస్తే తెల్లారేదాకా ఆగొద్దు. తిన్న అందరినీ ఆసుపత్రికి తీసుకెళ్లండి, బాగున్నామన్న వాళ్లని కూడా. మిగిలిన వంటకం డబ్బాలో పెట్టి వెంట పట్టుకెళ్లండి.