ఎంజైమ్‌కి పటం గీద్దాం – 3వ భాగం: కొత్త అక్షరం వచ్చి కూర్చునే చోటు

పోయిన భాగంలో ప్రోటీన్ డేటా బ్యాంక్ నుంచి 1ఆర్‌టీడీ అనే ఫైలు దింపుకున్నాం. హెచ్ఐవీ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (వైరస్ ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా నకలు తీసే ఎంజైమ్) తన పని మధ్యలో ఆగిపోయినప్పటి నిర్మాణం అది, 1998లో వచ్చింది. అందులో ఒకేలాంటి కాంప్లెక్సులు రెండు ఉంటే ఒకటి దాచేసి, ఎంజైమ్‌లోని రెండు గొలుసులు పీ66, పీ51, నకలుకి మూలమైన పోగు టెంప్లేట్, పెరుగుతున్న కొత్త పోగు ప్రైమర్, ఈ నాలుగింటికీ వేర్వేరు రంగులు వేశారు కదా. ఆ సెషన్ తెరవండి. ఇవాళ్టి పనంతా పీ66లోనే.

ముందు టీటీపీ అనే లిగాండ్‌ని (ప్రోటీన్‌కి అంటుకుని ఉన్న చిన్న అణువుని) వెతికి పట్టుకోండి. ప్రైమర్ చివర చేరడానికి సిద్ధంగా ఉన్న న్యూక్లియోటైడ్, అంటే కొత్త అక్షరం, అదే. దాని చుట్టూ 4 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉన్న రెసిడ్యూలను (గొలుసులో వరస నంబరుతో పిలిచే ఒక్కో అమైనో ఆమ్లాన్ని) మాత్రం కడ్డీల రూపంలో చూపించమని పైమాల్ లేదా కైమెరాఎక్స్ సాఫ్ట్‌వేర్‌కి చెప్పండి. మిగతా ప్రోటీన్‌ని రిబ్బన్‌గా ఉంచి మసకబార్చేయండి.

చాలామంది ఇక్కడే తొందరపడతారు. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన రెసిడ్యూ నంబర్లు, దూరాలు వరసగా రాసేసి పటం అయిపోయిందనుకుంటారు. నోట్‌బుక్‌లో ఇంకో గడి గీయండి: ఈ రెసిడ్యూ న్యూక్లియోటైడ్‌లో దేన్ని తాకుతోంది? ఫాస్ఫేట్‌నా, చక్కెరనా, బేస్‌నా? నా దృష్టిలో పటానికి ప్రాణం ఆ గడే.

నింపుతూ పోతే లైసిన్ 65 చివరి ఫాస్ఫేట్ దగ్గర కనిపిస్తుంది. ఆర్జినిన్ 72 మొదటి ఫాస్ఫేట్‌ని పట్టుకుంటూనే, తన పక్క భాగాన్ని బేస్‌కి బల్లపరుపుగా ఆనించి ఉంటుంది. 113, 114 దగ్గర కాస్త ఆగి చూడండి. అక్కడ ఫాస్ఫేట్లని పట్టుకున్నవి పక్క గొలుసులు (ఒక్కో అమైనో ఆమ్లానికి వేరుగా ఉండే భాగాలు) కావు, ప్రోటీన్ వెన్నెముకలోని (అన్నిటికీ ఒకేలా ఉండే గొలుసులోని) నైట్రోజన్లు. అందుకే నా నోట్‌బుక్‌లో ‘వెన్నెముక’, ‘పక్క గొలుసు’ అని విడివిడిగా రాస్తాను. మ్యుటేషన్ వస్తే మారేది పక్క గొలుసు, వెన్నెముక పట్టు చాలావరకు అలాగే ఉండిపోతుంది.

ఇప్పుడు చక్కెర వైపు తిరగండి. టైరోసిన్ 115 వలయం చక్కెరకి సరిగ్గా కింద ఆనుకుని ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏ న్యూక్లియోటైడ్ వస్తే దాని 2వ కార్బన్ మీది హైడ్రాక్సిల్ ఈ వలయానికి కొట్టుకుంటుంది. డీఎన్‌ఏ ముక్కని లోపలికి రానిచ్చి ఆర్‌ఎన్‌ఏ ముక్కని ఆపే గడప ఇదే. గ్లుటమిన్ 151 కూడా చక్కెర పక్కనే ఉంటుంది.

గడులన్నీ నిండాక ఒకసారి పైనుంచి కిందికి చదవండి. బేస్‌లోని అక్షరాన్ని గుర్తుపట్టే హైడ్రోజన్ బంధం ఒక్కటైనా ప్రోటీన్ వైపు నుంచి ఉందా? లేదు. ఆర్జినిన్ 72 ఆనుకునే తీరు ఏ బేస్‌కైనా సరిపోతుంది. అక్షరాన్ని ఎంచే పని టెంప్లేట్‌ది. ఎదురుగా ఉన్న ఎడెనిన్‌తో జత కట్టి టీటీపీ అక్కడ నిలబడింది. నాలుగు అక్షరాలకీ ఒకే జేబు సరిపోవాలి కాబట్టి, నాలుగింటిలోనూ ఉమ్మడిగా ఉండే ఫాస్ఫేట్, చక్కెరలనే ఎంజైమ్ పట్టుకుంటుంది. ఈ సంగతి మొదటిసారి నా నోట్‌బుక్‌లోనే కనబడ్డ రోజు ఎంత సంతోషం వేసిందో ఇప్పటికీ గుర్తుంది.

ఇక మెగ్నీషియం అయాన్లు రెండు. వాటికి ఆస్పార్టేట్ 110, 185 ఎంత దూరంలో ఉన్నాయో కొలవండి. 186నీ కొలిచి తేడా మీరే రాయండి. ఒక అయాన్ కొత్త న్యూక్లియోటైడ్ ఫాస్ఫేట్లని సర్ది పెడుతుంది. రెండోది ప్రైమర్ చివరి 3వ కార్బన్ హైడ్రాక్సిల్‌ని దాడికి సిద్ధం చేయాలి. కానీ ఈ నిర్మాణంలో ఆ హైడ్రాక్సిల్ కనిపించదు. చర్య ముందుకు సాగకుండా ఉండాలని పరిశోధకులే దాన్ని లేకుండా చేశారు. పటంలో ఆ చోట ‘ఇక్కడ హైడ్రాక్సిల్ ఉండాలి’ అని చుక్కల గీతతో చూపించండి.

ఇలాంటిదే ఇంకోటి 258 దగ్గర ఉంది. అసలు ఎంజైమ్‌లో అక్కడ గ్లుటమిన్. డీఎన్‌ఏ జారిపోకుండా కట్టేయడానికి దాన్ని సిస్టీన్‌గా మార్చి, గంధకం బంధంతో డీఎన్‌ఏకి ముడి వేశారు. మొత్తం డీఎన్‌ఏకి పటం గీసినప్పుడు నేను దాన్ని సహజమైన బంధంగా రాసేసుకుని, తర్వాత ఈ నిర్మాణం గురించి పరిశోధకులు రాసిన పేపర్ చదివి కొట్టేశాను. కొలిచే ముందే పేపర్‌లోని పద్ధతుల భాగం చదవండి.

దూరాల గురించి ఒక్క మాట. ఈ నిర్మాణం రిజల్యూషన్, అంటే ఎంత సన్నని వివరం కనిపిస్తుందో చెప్పే కొలత, 3.2 ఆంగ్‌స్ట్రామ్‌లు. తెర మీద 2.87 అని కనిపించినా నోట్‌బుక్‌లో ‘సుమారు 3’ అనే రాయండి.

చివరగా మెథియోనిన్ 184. మన ఏఆర్‌టీ సెంటర్లలో హెచ్ఐవీకి ఇచ్చే టీఎల్‌డీ అనే మూడు మందుల మాత్రలో ‘ఎల్’ అంటే లామివుడిన్. దాని చక్కెర వలయం మామూలు చక్కెరకి అద్దంలో ప్రతిబింబం లాంటిది. 184లో మెథియోనిన్ పోయి వాలీన్ వస్తే, దాని కొమ్మ ఆ తిరగబడ్డ వలయానికి అడ్డం తగులుతుంది. మామూలు న్యూక్లియోటైడ్‌కి మాత్రం దారి ఉంటుంది. వైరస్ ఆ మందుని తప్పించుకునే దారి ఇదే. సాఫ్ట్‌వేర్‌లోనే మెథియోనిన్‌ని వాలీన్‌గా మార్చి, కొమ్మ ఎటు తిరుగుతుందో చూడండి.

వచ్చే భాగానికి హోమ్‌వర్క్: పీ66లో 227 నుంచి 235 వరకు ఉన్న రెసిడ్యూలు ప్రైమర్ చివరి భాగంలో దేన్ని పట్టుకున్నాయో ఇదే పద్ధతిలో గడులు నింపి ఉంచండి. లైసిన్ 65 స్థానంలో ఆర్జినిన్ వస్తే టీఎల్‌డీలోని ‘టీ’కి, అంటే టెనోఫోవిర్‌కి, ఏమవుతుందో ఆ నోట్‌బుక్ పక్కన పెట్టుకునే చూద్దాం.