విమానంలో ఆక్సిజన్ కొలవాలంటే

2016లో చిలీలోని పుంటా అరెనాస్ నుంచి దక్షిణ మహాసముద్రం మీద ఓర్కాస్ అనే పరిశోధన కోసం, గాలిలోని ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కొలుస్తూ ఒక విమానం పలుసార్లు ఎగిరింది. అలాంటి పనికి నా సలహా ఇది. కార్బన్ డయాక్సైడ్‌ని కొలవడం తేలికే, అది పరారుణ కాంతిని ఎంత పీల్చుకుందో చూస్తే చాలు. టెన్షనంతా ఆక్సిజన్‌తోనే: పది లక్షల అణువుల్లో దాదాపు 2,09,500 అదే, మనం పట్టాల్సిన తేడా ఒకటో రెండో!

ముందు గాలిని బాగా చల్లబరిచి, తేమంతా గడ్డకట్టించి తీసేయండి. గాజు ఫ్లాస్కులో నింపేటప్పుడు పీడనం నిలకడగా ఉంచండి. విమానం ఎక్కుతూ దిగుతూ ఉంటే ఇదే అసలు తిప్పలు. ఫ్లాస్కు ఒక పక్క వేడెక్కనివ్వద్దు, బరువైన అణువులు చల్లని వైపు చేరతాయి. ల్యాబులో ఆర్గాన్ కూడా కొలిపించండి. గాలిలో దాని వాటా దాదాపు మారదు. అదీ తేడాగా వస్తే నేనైతే ముందు పైపులనే అనుమానిస్తాను. ఫ్లాస్కు మూసిన సమయం, ఎత్తు అప్పుడే రాసుకోండి.